మావ ముడేసి ఉంచిన కేబులు

ఆయన చనిపోయిన కబురు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఉదయం తొమ్మిదీ పదికి వచ్చింది. "మన పాత లైన్‌మన్ గారు నిన్న కాలం చేశారు" అని ఒక వాక్యం. దాని కింద ఏ పెళ్లి ఫోటోలోంచో కత్తిరించిన ముఖం. పక్కవాడి భుజం ఇంకా అందులోనే ఉంది. తొమ్మిదీ పద్నాలుగు అయ్యేసరికి ఇరవై ఆరు నమస్కారాలు చేరాయి. తొమ్మిదీ పదిహేనుకి మేనేజరు "నెల్లిమర్ల సైడ్ డౌన్, ఎవరు చూస్తున్నారు?" అని అడిగాడు. చేతి అలవాటు కొద్దీ ఎవరో దానికీ నమస్కారం పెట్టేశారు. అక్కడితో సంతాపం ముగిసింది. మా కంపెనీలో అయిదు నిమిషాలపాటు అందరూ కలిసికట్టుగా చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

ఆ ఇరవై ఆరింటిలో ఒకటి నాది. బాధపడి పెట్టలేదు. నేనొక్కణ్ణీ పెట్టకపోతే ఎవరైనా గమనిస్తారేమోనని పెట్టాను. ఎందుకంటే ఆయన ఉద్యోగం తీయించిన కాగితం రాసింది నేను. అందులో ఒక అబద్ధం ఉంది. అది అబద్ధమని తెలిసినవాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం: నేను, మేనేజరు, ఆయన. ఆ రోజు తొమ్మిదీ పదికి ఇద్దరం మిగిలామనుకున్నాను. మనసు ఒక్క క్షణం తేలికపడింది కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మిగతాది రాసే అర్హత ఉండదు.

మాది విజయనగరంలో ఒక చిన్న కంపెనీ. పల్లెలకి కేబులు లాగి ఇంటర్నెట్టు ఇస్తాం. ఆఫీసులో బయలుదేరిన లైను నెల్లిమర్ల చేరి, అక్కణ్ణించి రామతీర్థం వైపు కొంత, సముద్రపు ఊళ్ల వైపు కొంత పోతుంది. దారి పొడుగునా స్తంభాల మీదా ఇంటి గోడల మీదా పెట్టెలుంటాయి. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి, దాంట్లోంచి ఇంకో దాంట్లోకి గెంతుకుంటూ వెళ్లి నెట్టు చివరికి ఎవరింట్లోనో సీరియల్‌గా మారుతుంది. ఆయన ఆ స్తంభాలు ఎక్కేవాడు. నేను ఏసీ గదిలో కూర్చుని ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఇద్దరిలో నెట్‌వర్క్ గురించి తెలిసినవాణ్ణి నేనని నా విజిటింగ్ కార్డు మీద అచ్చు వేసి ఉండేది.

నేను చేరిన రోజే ఆయన నా గదిలోకి వచ్చాడు. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, భుజాన కేబులు చుట్ట. ఏసీ గాలికి మెడ ముడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బావూ, మీదే ఊరు?"

"శ్రీకాకుళం."

"శ్రీకాకులం ఒక ఊరేటి, పెద్ద సముద్రం. ఇంటిపేరు సెప్పండి."

చెప్పాను.

"అమ్మగారి పుట్టిల్లో?"

అదీ చెప్పాను. కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటే గెంతుతోంది.

"ఉండండుండండి. మీ అమ్మకి పెద్దమ్మ ఉండాల. ఆవిడ్ని ఇచ్చింది మా పెదనాన్నకి కాదేటి! ఆళ్ల కొడుకు మీ అమ్మకి అన్న. ఆడే నాకూ అన్న. మరి నానేటవుతాను నీకు?"

"ఏమవుతారు?"

"మావని! ఏటి అల్లుడూ, మీ అమ్మ నీకు కంప్యూటర్ నేర్పించింది గాని మావని సూపించలేదేటి?"

నిమిషంలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాకు నచ్చలేదు. నేను డిగ్రీలున్న ఉద్యోగిని, ఈయన నన్ను మూడు గెంతుల్లో ఇంట్లో పిల్లాణ్ణి చేసేశాడు. అక్కడితో ఆగలేదు. మళ్లీ కణుపులు లెక్కపెట్టి, "ఇంకో దారి కూడా ఉన్నాదోయ్" అన్నాడు. "మా పిన్నిని ఇచ్చింది మీ నాన్న పినతండ్రి కొడుక్కి. అట్నించి వస్తే నువ్వు నాకు తమ్ముడివి."

"అల్లుణ్ణా, తమ్ముణ్ణా? ఏదో ఒకటి తేల్చండి" అన్నాను కొంచెం విసుగ్గానే.

"దగ్గిర దారి ముందు. కాబట్టి అల్లుడివి. ఆ దారిలో ఏదైనా పేచీ వచ్చిందనుకో, అప్పుడు రెండో దారి. రెండూ గుర్తెట్టుకోవాల. ఒకటే గుర్తెట్టుకున్నావనుకో, ఓ పేచీ వస్తే మనిషే పోతాడు."

పనీపాటా లేని మనిషి అనుకున్నాను. నెట్‌వర్క్ దారుల మీద చదివిన పుస్తకంలో ఇదే సంగతి నలభై పేజీలు ఉంది. పరీక్షలో దానికి నాకు మంచి మార్కులే వచ్చాయి.

పెట్టెలకి ఆఫీసు నంబర్లు ఇచ్చింది. ఆయన వాటిని ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. "పదిహేడో నంబరు పోయింది" అని ఫోను చేస్తే "అంటే ఎవులింటి పెట్టి?" అనేవాడు. కిరాణా పెట్టె, బెల్లం పెట్టె, గుడ్డి గేదె పెట్టె. గేదె చనిపోయి చాలాకాలమైనా పెట్టెకి ఆ పేరు పోలేదు. మూత తీసే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం ఉంచేవాడు, జ్వరం చూసినట్టు. వేడి తెలుస్తుందనేవాడు. అందులో వేడెక్కే సామానేమీ ఉండదని నేను చాలాసార్లు చెప్పాను. "అలాగే అల్లుడూ" అని మళ్లీ చెయ్యి ఆనించేవాడు.

నెట్టు పోయిన ఇంట్లో టీ ఇస్తే ముట్టేవాడు కాదు. "ముందు నెట్టు రానీయమ్మా, అప్పుడు తాగుతాను. లేపోతే అరగదు నాకు." నెట్టు వచ్చేసరికి ఆ టీ చల్లారి పొర కట్టి ఉండేది. అదే తాగేవాడు. ఒకసారి నెల్లిమర్లలో ఒకావిడ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటి మావా, మూడ్రోజులైంది మా నెట్టు సచ్చి! అడిగే దిక్కు లేదు."

"సావలేదే అమ్మా, అలిగి పుట్టింటికెల్లింది. తీసుకొత్తాను."

"తీసుకొత్తావో, నువ్వు కూడా అక్కడే ఉండిపోతావో."

"మీ ఇంటి టీ తలుసుకుంటే అక్కడే ఉండిపోవాలనిపిత్తాది గాని, పని ఉన్నాదే."

ఆవిడ తిట్టడం మానేసి నవ్వింది. మా కస్టమర్ కేర్‌లో నలుగురు ఇంగ్లీషులో క్షమాపణ చెప్పడం ట్రెయినింగు తీసుకుని చేస్తారు. ఎవరూ నవ్వినట్టు రికార్డు లేదు.

లైను తప్పు వెతకడంలో ఆయనకీ నాకూ పేచీ. నేను ఆఫీసు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పెట్టెనీ దిగుతూ వెళ్లాలంటాను. ఆయన నెట్టు పోయిన ఇంట్లోనే మొదలుపెట్టేవాడు. ఈ ఇంటికి ఏ పెట్టెలోంచి వచ్చింది, ఆ పెట్టెకి ఏ పెట్టెలోంచి వచ్చింది, అంటూ వెనక్కి ఎక్కేవాడు. "నెట్టు పోయింది ఇక్కడ ఈయనకి. ఈయన్ని ఒగ్గీసి ఆఫీసుని అడిగితే ఆఫీసేటి సెప్తాది? ఆఫీసుకెప్పుడూ బాగానే ఉంటాది" అనేవాడు. ఇంతకన్నా క్లుప్తంగా మా కంపెనీ చరిత్ర ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత నేను నా గొప్ప ప్రోగ్రాం మొదలుపెట్టాను. నెట్‌వర్క్ మొత్తాన్నీ కంప్యూటర్లో ఒక చెట్టులా పెట్టడం దాని సంగతి. ఆఫీసు మొదలు. నెల్లిమర్ల పెట్టె దాని కొమ్మ. అక్కణ్ణించి చిన్న కొమ్మలు, రెమ్మలు, చివర ఇళ్లు ఆకులు. ప్రతి పెట్టెకీ తన పైన ఉన్న ఒక్క పెట్టె పేరు గుర్తుంటే చాలు. ఏ ఇంటినైనా పట్టుకుని 'నీ పైన ఎవరు, వాడి పైన ఎవరు' అని అడుగుతూ పోతే ఆఫీసు దాకా దారి దొరుకుతుంది. అవును, ఆయన చేసేదే. కానీ నేను దాన్ని కోడ్‌లో రాశాను కాబట్టి అది నా ఆవిష్కరణ అయింది.

వివరాలు చెప్పడానికి ఆయన్ని రెండు రోజులు నా పక్కన కూర్చోబెట్టారు. తెర మీద చెట్టు చూసి ఆయన తల ఒక పక్కకి, తర్వాత ఇంకో పక్కకి వంచాడు.

"మొదలు పైన, ఆకులు కింద? ఏ గాలివాన కొట్టీసిందల్లుడూ దీన్ని?"

"కంప్యూటర్లో చెట్లు ఇలాగే ఉంటాయి మావా."

"అయితే పళ్లు రాలవు, పైకెగిరిపోతాయి."

నవ్వలేదు నేను. ఆయన చెబుతూ ఉంటే ఎక్కించుకుంటూ పోయాను. అన్నీ నోటికే చెప్పాడు, ఒక్క కాగితం చూడలేదు. రెండో రోజు మధ్యాహ్నం సముద్రపు ఊళ్ల దగ్గరికి వచ్చాం. అక్కడి పెద్ద పెట్టెకి రోడ్డు వెంట వచ్చే కేబులు చెప్పాడు, ఎక్కించాను. తర్వాత, "దీనికి రెండో దారి కూడా ఉన్నాది. రామతీర్థం లైనులో బెల్లం పెట్టి ఉన్నాది సూడు, అందులోంచి తాటిగట్టు మీదుగా లాగినాను" అన్నాడు.

ఆ కేబులు ఎందుకుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒకప్పటి గాలివానలో రోడ్డు వెంట స్తంభాలు పడిపోతే, మిగిలిన ముక్కలన్నీ అతికించి ఆయనే వేశాడట. రెండూ ఒకేసారి తగిలిస్తే నెట్టు గుండ్రంగా తిరిగి ఉక్కిరిబిక్కిరవుతుందని ఆయనకి తెలుసు. అందుకని రెండో కేబులు కొసని పెట్టెలోనే ముడేసి ఉంచాడు. "రోడ్డు లైనుకి పేచీ వచ్చిన రోజు ఈ ముడి విప్పి గుచ్చుతాను. అరగంట పని."

ఎక్కించబోయాను. నా చెట్టు ఒప్పుకోలేదు. ఒక పెట్టెకి పైన ఒకే పెట్టె ఉండాలి, నేనే అలా రాశాను. రెండోది పట్టాలంటే మొదటినుంచి కొంత మార్చాలి. సోమవారం హైదరాబాదు నుంచి పెద్దలు చూడడానికి వస్తున్నారు. అందుకని ఒక్క వరుస రాశాను: పైన ఇప్పటికే ఒకటి ఉంటే కొత్తదాన్ని వదిలేయ్. వదిలేసినట్టు తెర మీద చూపించకు అని ఇంకో వరుస. ఎర్రటి అక్షరాలు కనిపిస్తే ప్రోగ్రాం అందం పోతుంది.

"రెండో దారి కనపళ్లేదేటి?" అన్నాడు ఆయన తెరని వేలితో తాకుతూ.

"ఒకడికి ఇద్దరు తండ్రులు ఉండరు మావా" అన్నాను. చాలా తెలివైన మాట అనుకున్నాను. పక్క సీట్లవాళ్లు నవ్వారు కూడా.

ఆయన తెర మీంచి వేలు తీశాడు. "తండ్రి ఒక్కడే. ఇంటికెల్లే దారి ఒక్కటే అని ఎవులు సెప్పినారు నీకు?" అన్నాడు.

సోమవారం పెద్దలు వచ్చారు. గోడ మీద పెద్ద టీవీలో నా చెట్టు, ఆకు ఆకునా పచ్చ చుక్క. చప్పట్లు కొట్టారు. అదే ఊపులో నేను ఇంకో సౌకర్యం చూపించాను. స్తంభాల మీద ఉండి కూడా ఏ దారిలోనూ లేని కేబుళ్ల జాబితా ఒక్క మీట నొక్కితే వస్తుంది. స్తంభాల మీద కనిపించిన కేబుళ్లన్నీ లెక్కపెట్టించిన సర్వే కాగితాలు ఆఫీసులో ఉన్నాయి, వాటితో పోల్చి నా ప్రోగ్రాం 'పనికిరానివి' ఏరి పెడుతుంది. తాటిగట్టు కేబులు ఆ జాబితాలో మొట్టమొదట ఉంది. మేనేజరు కళ్లు మెరిశాయి. కొత్త కనెక్షన్లకి కేబులు చాలడం లేదు మరి. మర్నాడు ఆయనకి ఫోనులో చెప్పాడు, చుట్టి తెచ్చేయమని.

ఆయన ఫోను పెట్టేసి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"ఈ లిస్టు నువ్వే రాసినావేటి అల్లుడూ?"

"నేను కాదు మావా, ప్రోగ్రాం తీసింది."

"అయితే దానికి సెప్పు. ఆ కేబులు ఊరకే లేదు, కాసుకొని ఉన్నాదని సెప్పు."

"చెబుతాను."

చెప్పలేదు. మేనేజరుతో ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అంటే నా చెట్టులో తప్పుందని ఒప్పుకోవాలి, చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగాడు, "సెప్పినావా?" అని. "చెప్పాను, చూస్తామన్నారు" అన్నాను. ఇది అబద్ధం నంబరు ఒకటి, కాగితం మీద పెట్టనిది. ఆ మాట నమ్మి వారం రోజులు పని వాయిదా వేశాడు. మేనేజరు ఫోనులో కేకలేశాక, చివరికి తన చేత్తో వేసిన కేబుల్ని తన చేత్తోనే చుట్టి తెచ్చి ఆఫీసు వసారాలో పడేశాడు. నా గదిలోకి రాలేదు ఆ రోజు.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. మా వైపు గాలివాన రావడం వార్త కాదు, రాకపోతే వార్త. రోడ్డు వెంట స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. సముద్రపు ఊళ్లన్నిటికీ నెట్టు పోయింది. సెల్ టవర్లు కూడా పడుకున్నాయి. చేపల వ్యాపారులకి ఐసు లారీలకి కబురు పెట్టే దారి లేదు. గాలి తగ్గి పడవలు వెళ్లొచ్చిన మొదటి రోజు సరుకంతా ఒడ్డునే కుళ్లింది. ఆఫీసు టీవీలో నా చెట్టు మాత్రం అద్భుతంగా పనిచేసింది. ఒక పెట్టె చచ్చిపోగానే దాని కింద ఆకులన్నీ ఎర్రబడ్డాయి, ఒక్కటి కూడా తప్పకుండా.

ఆయన నాలుగు రోజులు నడుము లోతు నీళ్లలో తిరిగి లైను నిలబెట్టాడు. అరగంట పని కావలసింది.

పెద్దల నుంచి ప్రశ్న వచ్చింది: ఆ ఊళ్లకి రెండో దారి ఎందుకు లేదు? రిపోర్టు రాయమని మేనేజరు నాకే అప్పజెప్పాడు. "మన పేర్లు రాకుండా చూడండి" అన్నాడు, కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పినంత మామూలుగా. కేబులు తీసేయమన్న మాట ఫోనులో అన్నది, కాగితం లేదు. నా జాబితా మీద 'పరిశీలన కోసం' అని మాత్రమే ఉంది, తీసేయమని ఎక్కడా లేదు. ఇంత పకడ్బందీగా నేను ఏ ప్రోగ్రామూ రాయలేదు. చక్కటి ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. దాని అర్థం ఇది: క్షేత్ర సిబ్బంది ఒకరు అనుమతి లేకుండా ప్రత్యామ్నాయ కేబుల్ని తొలగించారు. పక్కన ఆయన పేరు. ఆ పేరు నా చేత్తో నేను రాసింది అదొక్కసారే. అందుకే ఇప్పుడు రాయడం లేదు.

సంతకానికి ఆయన్ని పిలిచారు. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. నా వైపు తిరిగాడు.

"ఏటి రాసినావల్లుడూ?"

మేనేజరు టేబుల్ మీది పెన్ను సర్దుతున్నాడు. నేను అన్నాను, "జరిగింది రాశాను మావా. మామూలు కాగితమే."

"అల్లుడు రాసింది నాను సదవాలేటి" అని సంతకం పెట్టాడు. ఒక్కొక్క అక్షరం వత్తి వత్తి, కింద గీత కూడా గీశాడు. వారానికి ఆయన్ని తీసేశారు.

పోయింది ఉద్యోగమొక్కటే అయితే ఈ వ్యాసం ఇంత ఉండేది కాదేమో. మా రిపోర్టులో మాట ఆఫీసులోంచి బయటపడింది. రెండో కేబులు ఉండేదట. మరేమైంది? లైన్‌మన్ తీసేశాడట. ఎందుకు తీశాడు? అమ్ముకున్నాడట. మూడో మాట నేను రాయలేదు. మొదటి రెండూ పెట్టేస్తే మూడోది జనం పెట్టుకుంటారు. ఏ ఊళ్లలో ఆయన్ని చూస్తే టీ పెట్టేవారో ఆ ఊళ్లలో 'దొంగ' అన్న మాట ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మానికి వెళ్లింది. అది నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

రెండేళ్ల తర్వాత శ్రీకాకుళం బస్‌స్టాండులో ఆయన కనిపించాడు. ముందు నేనే చూశాను. చూసి ఫోను తీసి, రాని కాల్ మాట్లాడడం మొదలుపెట్టాను. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, నా మాటలు అయ్యేదాకా. ఎంతసేపని లేనివాడితో మాట్లాడతాను?

"ఏటి తమ్ముడూ, బాగున్నావా?"

"బాగున్నాను. మీరు?"

"ఉన్నాను. ఆ గుడ్డి గేదె పెట్టి మూత ఇరిగిపోయి ఉండీది. మార్చినారేటి?"

"మార్చాం" అన్నాను. నాకు తెలియదు.

"మంచిది. వాన నీరు దిగిపోతాది లేపోతే." అంతే. చెయ్యి ఊపి పలాస బస్సు వైపు వెళ్లిపోయాడు.

నా బస్సెక్కి కూర్చున్నాక గాని నాకు తట్టలేదు. తమ్ముడూ అన్నాడు. ఆయన మేనమామగా ఉన్న దారిని నేను తెంపేశాను. ఆయన నన్ను పారేయలేదు, రెండో దారికి మార్చుకున్నాడు. అప్పుడే దిగి పరిగెత్తవలసింది. బస్సు కదిలిపోయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అది ఇంకో ఇరవై నిమిషాలు అక్కడే నిలబడి, జీడిపప్పు అమ్మేవాళ్లని ఎక్కించుకుని దింపింది.

నా ప్రోగ్రాంలో ఆ లోపం తర్వాత సరిచేశాను. ఒక పెట్టెకి ఎన్ని పై పెట్టెలైనా ఉండొచ్చు, ఏది వాడకంలో ఉందో, ఏది కాచుకుని ఉందో విడిగా రాసుకుంటుంది. ఒక మధ్యాహ్నం పట్టింది. దానికి నాకు ప్రమోషన్ ఇచ్చారు.

ఆయన పోయిన కబురు వచ్చిన రోజు సాయంత్రం మేనేజరు దగ్గరికి వెళ్లి, పాత రిపోర్టు సరిచేయాలి అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఇప్పుడెందుకండీ? మనిషే లేడు కదా."

"మాట ఉంది కదా."

"ఆ కేసు క్లోజ్ అయిపోయింది. మళ్లీ తెరవాలంటే సంబంధిత ఉద్యోగి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. రూల్ అది." పెన్ను మూత పెడుతూ, "మీ పేరు కూడా వస్తుంది, చూసుకోండి మరి" అన్నాడు. స్నేహంగానే అన్నాడు.

తప్పు నాదని ఒక పేజీ రాసి, సంతకం పెట్టి, మేనేజరు టేబుల్ మీదే వదిలి వచ్చాను. దాన్ని ఏ ఫైల్లోనూ పెట్టలేదని ఆ తర్వాత తెలిసింది. పెట్టడానికి నంబరు లేదట.

దినం రోజున వాళ్ల ఊరు వెళ్లాను. నెల్లిమర్ల దాటి లోపలికి. పందిరి కింద భోజనాలు అవుతున్నాయి, సగం బంతి కూడా నిండలేదు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పాను. రాసుకొచ్చిన ముక్కలు నోట్లోంచి రాలేదు. 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెట్టాను.

"తిన్నగ సెప్పు" అందావిడ.

"కేబులు తీయించింది మేము. ఆయన వద్దన్నాడు. ఆయనే తీశాడని అబద్ధం రాసింది నేను."

ఆవిడ కొంగుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచింది. "తెలుసు. కేబులు సుట్టిన రోజే సెప్పినాడు ఆయన, తియ్యమన్నది మీరని. నీ పేరూ సెప్పినాడు."

"కాగితంలో ఏముందో తెలిసిందా ఆయనకి?"

"తీసేసినప్పుడు నకలిచ్చినారు, మా కూతురు గుంట సదివి సెప్పింది, తరవాత. రెండ్రోజులు కూడు తిన్లేదు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు మీరు?"

"వద్దన్నాడు. సిన్నోడు, ఉజ్జోగం పోతాదన్నాడు." నా బూట్ల వైపు చూసింది. "ఉన్నాదా ఉజ్జోగం?"

"ఉందమ్మా. పెద్దదైంది."

"ఉండనీ."

చేతులు జోడించాను. క్షమించమని ఏదో అన్నాను. ఆవిడకి విసుగు వచ్చింది.

"నన్నడిగితే నానేటి సేత్తాను? నాకు తెలిసిందే నాకు సెప్తన్నావు. సూసినావా బంతి, సగం మంది రాలేదు. సముద్రపోళ్లు ఒక్కుడు రాలేదు, ఆళ్ల లైనుకి నడుం లోతు నీళ్లలో తిరిగినాడు మడిసి. దొంగన్న మాట ఆళ్ల కాడ ఉన్నాది, నా కాడ లేదు. కాగితముందా? రాసుకో."

జేబులో ఉన్న కాగితం తీశాను.

"మా ఎదురింటోడు మొదులు. ఆడికి సెప్పింది కొట్టుకాడ ముసలోడు. ఆ ముసలోడికి సెప్పింది ఆళ్ల వియ్యంకుడు, పెద్ద రోడ్డు మీద ఊరు..." ఒక్కొక్కళ్లే చెప్పుకుంటూ పోయింది. ఎవరి నోట ఏ రోజు విన్నదో కూడా చెప్పింది. పదకొండు పేర్లు అయ్యాయి. "ఆ పైన ఎవులు సెప్పినారో నీకే తెలవాల" అని లేచి, బంతి వైపు వెళ్లిపోయింది. నన్ను తినమనలేదు.

ఎదురింటాయనతో ఆ రోజే మొదలుపెట్టాను. ఆయన విని "అయ్యో" అని, లోపలికి పోయి భార్యని పిలిచి నాతో మళ్లీ చెప్పించాడు. కొట్టు దగ్గర ముసలాయన తాను అసలు ఎవరికీ ఏమీ చెప్పలేదన్నాడు. వియ్యంకుడు నన్ను ఏ పార్టీ మనిషినని అడిగాడు. నాలుగో ఆయన పొలంలో ఉన్నాడు, గట్టు మీద నిలబడి అరిచి చెప్పాను. ఆఫీసులో మూడేళ్లు నోరు విప్పనివాణ్ణి పొలంలో నలుగురు వినేలా అరిచాను. గొప్పతనం కాదు, ఆయనకి చెవుడు.

అయిదోవాడు సముద్రం ఒడ్డున చేపల వ్యాపారి. వల మీద కూర్చుని ఉన్నాడు. మొత్తం విన్నాడు. ఆ గాలివాన తర్వాత ఆయన సరుకే కుళ్లింది.

"అయితే ఆడు దొంగ కాడు."

"కాడు."

"నువ్వు."

"నేను."

చేతిలో వల పక్కకి నెట్టాడు. "ఆడు మా ఇంటి ముందు నుంచి ఎల్తంటే నాను మొహం తిప్పుకున్నాను. మూడేళ్లు తిప్పుకున్నాను. ఇసం కలిపినోడు ఒకడు, తాగించినోడు ఒకడులాగ అయింది నా పని." తల అడ్డంగా ఊపాడు. "నువ్వు నా ఒక్కడికి సెప్తే అయిపోతాదేటి? నాను పదిమందికి సెప్పినాను. ఆ పదిమందికి నాను సెప్పను, నాకు సిగ్గు. నువ్వే సెప్పాల."

"చెబుతాను."

"ఆ మాట ఊరకే అనీకు. రాసుకో" అన్నాడు.

కాగితం ఈ పక్క నిండిపోయింది. వెనక్కి తిప్పాను. ఆయన మొదటి పేరు చెప్పాడు.